సర్పి పడుకునే చోటు

నడుముకు ఒక పక్కన మంట మొదలవుతుంది. రెండు మూడు రోజులకు అక్కడ ఎర్రటి మచ్చలు లేస్తాయి. వాటి మీద నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా పొంగి, వీపు నుంచి పొట్ట వైపు పట్టీలా పాకుతాయి. ఈ జబ్బునే సర్పి అంటారు. పాములా పాకుతుంది కాబట్టి ఆ పేరు. ఆ పాము నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని ఇప్పటికీ భయపడేవాళ్లు ఉన్నారు. పొక్కులు కనపడగానే ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికి పరుగెత్తేది ఆ భయంతోనే. వైద్య పుస్తకాల్లో దీని పేరు హెర్పిస్ జోస్టర్. గ్రీకులో హెర్పిన్ అంటే పాకడం, జోస్టర్ అంటే నడుంపట్టీ. సంస్కృతంలో సర్పతి అన్నా పాకుతుంది అనే అర్థం. హెర్పిస్, సర్పం రెండూ ఒకే పాత ధాతువు నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రం చెబుతోంది. ఎక్కడో గ్రీసులోని వైద్యుడికీ, ఇక్కడి పల్లెటూరి ముసలమ్మకూ ఈ జబ్బును చూస్తే ఒకే పోలిక తట్టింది.

ఇంతకీ ఆ పాము తలా తోకా కలవవు. కలవకపోవడానికి కారణం మన నాడుల అమరికలోనే ఉంది.

వెన్నెముక నుంచి కుడికీ ఎడమకీ జంటలుగా 31 జతల నాడులు బయలుదేరతాయి. నాడి మొదట్లో, ఎముకల సందున, చిన్న ఉబ్బు ఉంటుంది. చర్మం మీది స్పర్శ, నొప్పి, వేడి, చలి కబుర్లను వెన్నుపాముకు చేరవేసే నాడీకణాలు అక్కడ గుంపుగా ఉంటాయి. డాక్టర్లు దాన్ని గాంగ్లియాన్ అంటారు, తెలుగులో నాడీముడి అనుకుందాం. కుడి ముడి కుడి పక్క చర్మాన్నే చూసుకుంటుంది, ఎడమ ముడి ఎడమ పక్కనే. ఒక్కో ముడి కిందికి వచ్చే చర్మం వీపు మధ్య నుంచి పొట్ట మధ్య దాకా సగం పట్టీలా ఉంటుంది. సర్పి వైరస్ ఏదో ఒక ముడిలో లేచి, ఆ ముడి తాలూకు నాడిని పట్టుకుని చర్మానికి వస్తుంది. కాబట్టి పొక్కులు ఆ సగం పట్టీలోనే లేచి, ఒంటి మధ్య గీత దగ్గర ఆగిపోతాయి. ఒకటీ అరా గీత దాటినా చుట్టు పూర్తి కాదు. క్యాన్సర్ చికిత్సలోనో, అవయవ మార్పిడి తర్వాతో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో మాత్రం పొక్కులు ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. దానికి ఆస్పత్రిలో చేరాల్సిందే.

ఆ వైరస్ ముడిలోకి ఎప్పుడు చేరింది? ఎక్కువమందికి చిన్నప్పుడే. ఆటలమ్మ పోసిందని వేపాకుల మీద పడుకోబెట్టిన ఆ పది రోజుల్లోనే చేరింది. పొక్కులు మాడి, తలకు పోసి, బడికి పంపేశాక జబ్బు పోయిందనుకుంటాం. చర్మం మీద పోయిన మాట నిజమే. వైరస్ మాత్రం నాడుల వెంట లోపలికి వెళ్లి ముడుల్లో కూర్చుంటుంది. 50, 60 ఏళ్లు అక్కడే ఉండి, ఒక రోజు సర్పిగా బయటికొస్తుంది.

ఒక పల్లెటూరి డాక్టరు నోటుబుక్కు

ఈ సంగతి బయటపడిన తీరు తెలుసుకోదగింది. 1900లో లండన్‌లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు సర్పి వచ్చి, తర్వాత ఏదో కారణంతో చనిపోయిన 21 మంది శరీరాలను పరీక్షించారు. పొక్కులు లేచిన పట్టీకి సంబంధించిన నాడీముడిలోనే వాపు, రక్తస్రావం కనిపించాయి. ఏ నాడి ఏ చర్మానికి వెళ్తుందో చూపే పటాలకు ఆ పొక్కులే ఆధారమయ్యాయి. సర్పి ఉన్నవారి పక్కన మసలిన పిల్లలకు ఆటలమ్మ రావడాన్ని 19వ శతాబ్దం చివర్లోనే హంగరీలో బోకాయ్ అనే పిల్లల వైద్యుడు గమనించారు. రెండూ ఒకటేనా అన్న అనుమానం అలా మొదలైంది.

ఆ అనుమానాన్ని ఓపికగా తేల్చిన మనిషి ఎడ్గర్ హోప్‌సింప్సన్. ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసుకునే మామూలు డాక్టరు. చుట్టుపక్కల ఉన్న మూడున్నర వేల మందే ఆయన రోగులు. 16 ఏళ్లపాటు తన దగ్గరికి వచ్చిన ప్రతి సర్పి కేసునూ రాసిపెట్టుకున్నారు. మొత్తం 192 తేలాయి. 1965లో వాటిని ప్రచురించినప్పుడు రెండు సంగతులు స్పష్టంగా కనిపించాయి. ఒకటి, వయసు పెరిగేకొద్దీ సర్పి ఎక్కువవుతోంది. రెండు, ఊళ్లో పిల్లలకు ఆటలమ్మ తెరలు తెరలుగా వచ్చి పోతున్నా, సర్పి మాత్రం ఆ తెరలతో పని లేకుండా ఏడాది పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి వస్తోంది. బయటి నుంచి అంటేదైతే అది కూడా తెరలతోపాటే పెరగాలి కదా. అంటే లోపలి నుంచే లేస్తోంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో యెల్ అనే చిన్న దీవికి కూడా ఆయన వెళ్లి, అక్కడివారి పాత జబ్బుల చరిత్ర అడిగి తెలుసుకున్నారు. నలుగురే ఉండే చోట ఎవరి నుంచి ఎవరికి అంటిందో పట్టుకోవడం తేలిక.

చిన్న దీవుల్లోనే ఈ వైరస్ తెలివి బాగా అర్థమవుతుంది. తట్టు వైరస్ నిలవాలంటే కొన్ని లక్షల జనాభా కావాలి. ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు దొరక్కపోతే అది ఊళ్లో అంతరించిపోతుంది. ఆటలమ్మ వైరస్‌కు ఆ బెంగ లేదు. వెయ్యి మంది లేని దీవిలోనూ తరాల తరబడి ఉంటుంది. ఊళ్లో పిల్లలందరికీ వచ్చి తగ్గాక అది తాతల నాడీముడుల్లో కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్లకు అంటుకోదగ్గ కొత్త పిల్లలు పుట్టి పెరుగుతారు. ఈలోగా తాత నడుముకు సర్పి లేస్తుంది. ఆయన ఒళ్లో కూర్చున్న మనవడికి, ఆ పొక్కుల రసి తగిలి ఆటలమ్మ పోస్తుంది. సర్పి అంటుకుని ఎవరికీ సర్పి రాదు, అంటేది ఆటలమ్మే. ఇంట్లో సర్పి ఉన్నవారు పొక్కులు ఎండేదాకా పసిపిల్లలకూ, ఆటలమ్మ రాని గర్భిణులకూ దూరంగా ఉండాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

1984 నాటికి డీఎన్ఏ సాక్ష్యం కూడా దొరికింది. ఒకే రోగికి ముందు ఆటలమ్మ, తర్వాత సర్పి వచ్చినప్పుడు రెండుసార్లూ తీసిన వైరస్‌ను అమెరికాలో స్టీఫెన్ స్ట్రాస్ బృందం పోల్చి చూసింది. రెండూ ఒకటే.

పెదవి మీది పొక్కుదీ ఇదే కథ

జ్వరం తగ్గే వేళ పెదవి అంచున చిమచిమలాడి, తెల్లారేసరికి నీటి పొక్కులు లేస్తాయి. రాత్రి ఏదో పురుగు పాకి ఉంటుందని ఇంట్లో అంటారు. అది హెర్పిస్ సింప్లెక్స్ 1 అనే మరో వైరస్, ఆటలమ్మ వైరస్‌కు దగ్గరి చుట్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వారిలో దాదాపు 380 కోట్ల మంది ఒంట్లో ఇది ఉంది. చాలామందికి పసితనంలో ముద్దుల ద్వారానే అంటుతుంది, ఎప్పుడు అంటిందో ఎవరికీ గుర్తుండదు. దీని తమ్ముడు సింప్లెక్స్ 2. ఎక్కువగా జననాంగాల దగ్గర వస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో 52 కోట్ల మందికి ఉందని అంచనా. మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లు మొత్తం తొమ్మిది. వాటిలో నాడీకణాన్ని ఇల్లుగా చేసుకున్నవి ఈ మూడే. మిగతావి తెల్ల రక్తకణాల వంటి వేరే చోట్ల దాగుతాయి.

సింప్లెక్స్ 1 కాపురం ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి ముడిలో. చెవికి ముందు, పుర్రె లోపల అడుగున ఉంటుంది అది. సింప్లెక్స్ 2 నడుం కింది త్రికాస్థి దగ్గరి ముడుల్లో. ముఖం నరాల నొప్పికి ట్రైజెమినల్ ముడి దగ్గర ఆపరేషన్ చేస్తే, కొద్ది రోజులకే రోగి పెదవి మీద పొక్కులు లేవడం 20వ శతాబ్దం మొదట్లోనే హార్వే కుషింగ్ వంటి సర్జన్లు చూశారు. వైరస్ ముడిలోనే ఉండి ఉండాలని 1929లో గుడ్‌పాశ్చర్ అనే అమెరికా శాస్త్రవేత్త అన్నారు. రుజువు దొరకడానికి మరో 40 ఏళ్లు పట్టింది.

1971లో జాక్ స్టీవెన్స్, కుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చాలా సాదాసీదాది, అంతే గొప్పది. ఎలుకల వెనక పాదాల్లోకి వైరస్‌ను ఎక్కించారు. జబ్బు వచ్చి తగ్గేదాకా ఆగారు. తర్వాత వెన్ను పక్క నాడీముడులను తీసి నూరి చూస్తే వైరస్ జాడే లేదు. అవే ముడులను నూరకుండా, బతికున్న కణాలతో కలిపి గాజు పాత్రలో పెంచితే కొద్ది రోజులకు వైరస్ పుట్టుకొచ్చింది. నూరినప్పుడు కనపడనిది పెంచితే ఎలా వచ్చింది? లోపల తయారైన వైరస్ ఒక్కటీ లేదు, దాన్ని తయారుచేసే రాత మాత్రం ఉంది. కణం బతికి ఉంటేనే ఆ రాత మళ్లీ వైరస్‌గా మారగలదు. తర్వాతి రెండేళ్లలోనే, వేరే కారణాలతో చనిపోయిన మనుషుల ముడుల్లోనూ ఇదే కనిపించింది.

ఎందుకు నాడీకణమే?

చర్మకణంలో దూరిన వైరస్‌కు తొందర ఎక్కువ. గంటల్లో వేల కాపీలు చేసి, కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది. పొక్కులోని నీరు ఆ విధ్వంసమే. కానీ చర్మం కింద నాడుల కొసలు కూడా ఉంటాయి. కొన్ని వైరస్‌లు వాటిలో దూరతాయి. అక్కడి నుంచి కణం కేంద్రకం చాలా దూరం. పాదం చర్మం నుంచి వెన్ను దగ్గరి ముడి దాకా ఒకే కణం తాలూకు తీగ మీటరు పొడుగు ఉంటుంది. వైరస్ పెంకు వెడల్పు 125 నానోమీటర్లు. దానంతట అది కొట్టుకుపోతూ వెళ్లాలంటే ఒక్క సెంటీమీటరు దాటడానికే 200 ఏళ్లకు పైగా పడుతుందని లెక్క కట్టారు. కానీ నాడి తీగలో సరుకు మోసే ఏర్పాటు ఒకటి ఉంది. సన్నని గొట్టాల్లాంటి పట్టాలు, వాటి మీద నడిచే డైనీన్ అనే కూలీ ప్రోటీన్. వైరస్ దాని భుజం ఎక్కేస్తుంది. గంటల్లోనో, రోజు రెండు రోజుల్లోనో కేంద్రకం గుమ్మానికి చేరి, తన డీఎన్ఏను లోపలికి వదులుతుంది.

ఆ కేంద్రకంలో వైరస్‌కు రెండు దారులుంటాయి. చర్మకణంలో చేసినట్టు కాపీలు చేసుకోవచ్చు. లేదంటే నోరు మూసుకుని పడి ఉండవచ్చు. కాపీలు చేసే పనికి తాళం తీసేది వీపీ16 అనే ప్రోటీన్. వైరస్ దాన్ని తనతోపాటే మోసుకొస్తుంది. చర్మకణంలో దూరం తక్కువ కాబట్టి వెంటనే కేంద్రకానికి చేరి పని మొదలుపెడుతుంది. నాడిలో మాత్రం అంత పొడుగు ప్రయాణంలో అది వెనకబడిపోతుందనీ, చేరినా దానికి తోడు కావాల్సిన కణ ప్రోటీన్లు నాడీకణంలో సరైన చోట ఉండవనీ పరిశోధకులు వివరిస్తున్నారు. తాళం తీసేవాడు రాకపోవడంతో కణం తన పద్ధతిలో తాను పోతుంది. పరాయి డీఎన్ఏను హిస్టోన్ అనే ఉండల చుట్టూ గట్టిగా చుట్టి, చదవొద్దని రసాయన ముద్రలు వేస్తుంది. మన సొంత డీఎన్ఏలో అవసరం లేని భాగాలను మూసి ఉంచేదీ ఇలాగే. దాదాపు 80 జన్యువులున్న వైరస్‌లో ఒక్క చోటే చదవడం ఆగదు. అక్కడి నుంచి లాట్ అనే ఆర్ఎన్ఏ తయారవుతూనే ఉంటుంది. 1987లో దీన్ని గుర్తించారు. ఇది ఏ ప్రోటీన్‌నీ చేసినట్టు రుజువు లేదు. మిగతా జన్యువులను నోరెత్తకుండా ఉంచడానికీ, ఇల్లైన నాడీకణం చచ్చిపోకుండా చూడటానికీ సాయపడుతుంది. ఆటలమ్మ వైరస్‌లో ఇలాంటి ఆర్ఎన్ఏ చాలాకాలం దొరకలేదు, 2018లో దొరికింది.

వైరస్ బలమంతా ఈ మౌనంలోనే ఉంది. రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను పట్టుకునేది దాని ప్రోటీన్ ముక్కలను చూసి. ప్రోటీనే చేయనిదాన్ని ఏం చూసి పట్టుకుంటుంది? మామూలు కణం ఎప్పటికప్పుడు చీలుతుంది. దానిలో దాగాలంటే చీలిన ప్రతిసారీ వైరస్ డీఎన్ఏ కూడా కాపీ కావాలి, దానికి కనీసం ఒక ప్రోటీనైనా చేయాలి. తెల్ల రక్తకణాల్లో దాగే ఎప్‌స్టీన్‌బార్ వైరస్ ఆ తిప్పలు పడుతూనే ఉంటుంది. నాడీకణం చీలదు, మనిషితో పుట్టి మనిషితో పోతుంది. అందులో దాగితే ఏ పనీ చేయకుండానే జీవితాంతం ఉండొచ్చు. పైగా నాడీకణం పోతే మళ్లీ రాదు కాబట్టి రోగనిరోధక కణాలు కూడా దాని జోలికి పోవడానికి వెనకాడతాయి. ఇంతకన్నా భద్రమైన చోటు ఒంట్లో మరొకటి లేదు.

అయినా దీన్ని ఒట్టి నిద్ర అనడం పూర్తిగా నిజం కాదు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేనివారి ట్రైజెమినల్ ముడిలోనూ సీడీ8 టీ కణాలనే రోగనిరోధక కణాలు నాడీకణాలను అంటిపెట్టుకుని కాపలా కాస్తున్నట్టు కనిపించింది. కాపలా దేనికి? వైరస్ అప్పుడప్పుడూ కదులుతుంది కాబట్టి. ఎలుకల్లో చూసిన సంగతి ఇంకా ఆశ్చర్యం. ఈ టీ కణాలు గ్రాంజైమ్ అనే కత్తెరను నాడీకణంలోకి పంపి, వైరస్ లేవడానికి కావాల్సిన ప్రోటీన్‌ను మాత్రం కత్తిరిస్తాయి. ఇల్లు కూల్చకుండా దొంగ చేతిలోని గునపం లాక్కున్నట్టు. మిగతా ఒంట్లో వైరస్ పట్టిన కణాన్ని చంపేయడమే వాటి పని. ఇక్కడ ఆ పని చేయవు.

ఎప్పుడు లేస్తుంది?

ఎండ దెబ్బ, జ్వరం, నిద్రలేమి, పరీక్షల టెన్షన్, నెలసరి, పన్ను పీకించుకోవడం, ఆపరేషన్. పెదవి పొక్కులు తరచూ వచ్చేవారిని అడిగితే ఈ జాబితాలో ఏదో ఒకటి చెబుతారు. పైకి ఒకదానితో ఒకటి పొంతన లేదు. లోపల మాత్రం ఇవన్నీ కలిసే చోటు ఉంది: నాడీకణానికి కష్టం కలగడం.

ఈ దిశగా తొలి ఆధారం 1987లోనే దొరికింది. నాడీకణాలకు పోషణ సంకేతమిచ్చే ఎన్‌జీఎఫ్ అనే పదార్థాన్ని గాజు పాత్రలోంచి తీసేస్తే, వాటిలో పడుకున్న వైరస్ లేచింది. 2015లో దాని వెనక యంత్రాంగం కొంత తేలింది. కష్టంలో పడిన నాడీకణంలో జేఎన్‌కే అనే సంకేతాల గొలుసు మోగుతుంది. బతకాలో చావాలో కణం తేల్చుకునే గంట అది. ఆ గంట మోగగానే వైరస్ డీఎన్ఏ చుట్టిన హిస్టోన్లకు ఫాస్ఫేట్ అంటుతుంది. చదవొద్దన్న ముద్ర అలాగే ఉన్నా, దాని పక్కన ఇది చేరేసరికి ముద్ర పనిచేయదు. ఆ సందులో వైరస్ జన్యువులు ఒక వరస లేకుండా, అన్నీ ఒక్కసారిగా గొంతెత్తుతాయి. ఇది మొదటి దశ. ఇందులోనే చాలాసార్లు కథ ముగుస్తుంది. కణమో, కాపలా టీ కణమో మళ్లీ అణిచేస్తుంది. అణచలేకపోతే అప్పటికే తయారైన వీపీ16 కేంద్రకంలోకి చేరి రెండో దశ మొదలుపెడుతుంది. అప్పుడు పూర్తి వైరస్‌లు తయారై, ఈసారి కైనెసిన్ అనే మరో కూలీ భుజాన నాడి వెంట చర్మానికి దిగుతాయి. పొక్కుకు ముందు రోజు వచ్చే చిమచిమ ఆ దిగివస్తున్న వేళదే.

అంటే వైరస్ తన సొంత గడియారం చూసుకుని లేవడం లేదు. తానున్న కణం ప్రమాద ఘంటికను వింటోంది. ఇల్లు కూలబోతోందని తెలిసి ముందే బయటపడే అద్దెదారు లాంటిది. జ్వరంలోనూ, ఎండకు చర్మం కమిలినప్పుడూ ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా అనే పదార్థం విడుదలవుతుంది. అది నాడీకణాన్ని అతిగా ఉత్తేజపరిచి ఇదే గొలుసును కదిలిస్తుందని 2020లో ఎలుక నాడీకణాల్లో చూపించారు. జ్వరం పొక్కు అన్న పాత మాటకు ఇన్నాళ్లకు జీవరసాయన వివరణ దొరికింది.

టెన్షన్ పడితే వైరస్ లేస్తుందా అన్నదానికి అంతరిక్షం నుంచి కూడా సాక్ష్యం వచ్చింది. నాసా 2019లో ప్రచురించిన అధ్యయనంలో, షటిల్‌లో కొద్ది రోజులు వెళ్లొచ్చిన 89 మందిలో 47 మంది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉన్న 23 మందిలో 14 మంది లాలాజలం లేదా మూత్రంలో హెర్పిస్ వైరస్‌లు బయటపడ్డాయి. మంచి ఆరోగ్యం ఉందని ఏరి కోరి పంపినవారే వాళ్లంతా. వారిలో పొక్కుల వంటి లక్షణాలు కనిపించింది బహు కొద్దిమందికే.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. పొక్కు లేకుండానే వైరస్ చర్మం మీదికి వచ్చి పోతుంటుంది. సింప్లెక్స్ 2 విషయంలో ఇది మామూలే. తనకు ఉన్నట్టే తెలియని మనిషి నుంచి మరొకరికి అంటడం ఇలాగే. మొదటిసారి సోకినప్పుడు ఏ లక్షణమూ లేకుండా, ఏళ్ల తర్వాత తొలి పొక్కు రావచ్చు. పెళ్లయిన పదేళ్లకు భార్యకో భర్తకో జననాంగాల దగ్గర పొక్కులు లేస్తే, ఇప్పుడెక్కడో తప్పు చేసి తెచ్చుకున్నారన్న నిందతో కాపురాలు కూలిపోతాయి. ఆ పొక్కు నిన్నటిదో, పదిహేనేళ్ల కిందటిదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. పైగా పెదవి మీది సింప్లెక్స్ 1 కూడా కింది భాగాలకు చేరగలదు. పొక్కును చూసి మనిషి నడతకు తీర్పు చెప్పడం అన్యాయం.

సర్పి ఒక్కసారే, పెదవి పొక్కు పదేపదే ఎందుకు?

రెండు వైరస్‌లూ చుట్టాలే, దాగేదీ ఒకే రకం చోటే. అయినా పెదవి పొక్కు ఏటా వస్తుంది, నాలుగు బియ్యపు గింజలంత చోట లేచి వారం పది రోజుల్లో మాడుతుంది. సర్పి చాలామందికి జీవితంలో ఒక్కసారే వస్తుంది, వచ్చిందంటే పట్టీ మొత్తాన్ని కాలుస్తుంది. సింప్లెక్స్ కొద్దిపాటి కణాల్లోనే లేచి, చర్మానికి దిగి, ముడిని పెద్దగా పాడుచేయకుండా మళ్లీ సర్దుకుంటుంది. ఆటలమ్మ వైరస్ లేస్తే ముడిలోనే పక్క కణాలకు పాకుతుంది. ముడి అంతా వాచి నాడీకణాలు చనిపోతాయి. ఆ ముడి చూసుకునే చర్మమంతా మండేది అందుకే.

పొక్కులకు రెండు మూడు రోజుల ముందే నొప్పి వచ్చేదీ అందుకే. ఎడమ పక్క ఛాతీ మంటతో రాత్రిపూట ఆస్పత్రికి పరుగెత్తుతారు. ఈసీజీ బాగానే ఉంటుంది, గ్యాస్ ట్రబుల్ అని మాత్ర ఇచ్చి పంపుతారు. మూడో రోజు స్నానానికి చొక్కా విప్పితే వీపు మీద ఎర్రటి గుత్తి కనపడుతుంది. మందు వేసుకోవాల్సిన గడియారం అక్కడ మొదలవుతుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లేదా వాలసైక్లోవిర్ మొదలుపెడితే జబ్బు తీవ్రత, ఎన్నాళ్లుంటుందన్నది తగ్గుతాయి. మంత్రాలకూ, పసరు పూతలకూ పోయే కాలం సరిగ్గా ఈ 72 గంటల్లోంచే పోతోంది. పొక్కులు ఎలాగూ రెండు మూడు వారాలకు మాడతాయి కాబట్టి ఘనత పసరుకు దక్కుతుంది. కానీ ముడిలో చనిపోయిన నాడీకణాలు తిరిగి రావు. పెద్ద వయసువారిలో కొందరికి నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పి మిగిలిపోతుంది. ఒంటి మీద పలుచని కండువా తగిలినా నిప్పు రాసుకున్నట్టు ఉంటుందంటారు, చొక్కా వేసుకోలేక, విప్పితే ఫ్యాను గాలికి కూడా తాళలేక సతమతమవుతారు. దెబ్బతిన్న నాడి స్పర్శను నొప్పిగా తప్పుచదవడం వల్ల వచ్చే అవస్థ అది. నుదుటి మీద, కంటి పక్కన సర్పి లేస్తే ఇంకా తొందర కావాలి. ముక్కు కొస మీద పొక్కు కనిపిస్తే కన్ను కూడా దెబ్బతినే అవకాశం ఎక్కువ.

కంటి విషయంలో మరో హెచ్చరిక అవసరం. సింప్లెక్స్ వైరస్ ముఖం ముడి నుంచి నల్లగుడ్డుకు కూడా దిగగలదు. అక్కడ చెట్టు కొమ్మల ఆకారంలో పుండు చేస్తుంది. కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల వైరస్‌కు అడ్డు తొలగుతుంది, పుండు లోతుకు పాకి చూపు పోవచ్చు. ఇలా పదేపదే వచ్చేవారికి ఎసైక్లోవిర్ రోజూ రెండు పూటలా ఇస్తే ఏడాదిలో తిరగబెట్టడం 32 శాతం నుంచి 19 శాతానికి తగ్గిందని 1998లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది.

మందు అందుకోలేని చోటు

ఎసైక్లోవిర్ అంత మంచి మందే అయినా వైరస్‌ను ఒంట్లోంచి ఎందుకు తరిమేయలేదు? అది వైరస్ సొంత ఎంజైమ్ తగిలితేనే మందుగా మారుతుంది. ఆ ఎంజైమ్ ఉండేది వైరస్ లేచి కాపీలు చేసుకుంటున్న కణంలోనే. మామూలు కణాల్లో అది ఊరికే తిరిగి వెళ్లిపోతుంది, అందుకే దుష్ఫలితాలు తక్కువ. గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ తెచ్చిపెట్టిన పరిశోధనల్లో ఈ మందు ఒకటి. ఏ గుణం దీన్ని భద్రమైన మందుగా చేసిందో, అదే గుణం పడుకున్న వైరస్ దగ్గర దీన్ని నిష్ప్రయోజకం చేస్తుంది. ఎంజైమే చేయని వైరస్ కోసం తాళంచెవి పట్టుకుని తిరిగినా తాళం కనపడదు.

పడుకున్నచోటే వైరస్ డీఎన్ఏను కత్తిరించాలని అమెరికాలోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రంలో కీత్ జెరోమ్ బృందం ప్రయత్నిస్తోంది. 2020లో ఎలుకల నాడీముడుల్లో 90 శాతానికి పైగా వైరస్ డీఎన్ఏను తొలగించగలిగారు. మనుషుల దాకా రావడానికి దారి ఇంకా పొడుగుంది.

ప్రస్తుతానికి చేతిలో ఉన్న ఉపాయం కాపలాను బలపరచడమే. వయసు పెరిగేకొద్దీ ఆటలమ్మ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు నీరసపడతాయి, సర్పి పెద్దవాళ్లకు ఎక్కువ రావడానికి ముఖ్య కారణం అదే. సర్పి రాకుండా వేసే షింగ్రిక్స్ అనే టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొర ప్రోటీన్ ఒకటి, రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపే సహాయక పదార్థం ఉంటాయి. 50 ఏళ్లు దాటినవారి మీద జరిగి 2015లో ప్రచురితమైన పరీక్షలో ఇది సర్పిని 97 శాతం అడ్డుకుంది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. వైరస్‌ను ఇది ముడిలోంచి కదిలించదు, లేచినప్పుడు పట్టుకునేవాళ్లను సిద్ధంగా ఉంచుతుంది. ధర మాత్రం మామూలు కుటుంబానికి భారమే. షుగర్ ఉన్నవారికి, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి సర్పి ముప్పు ఎక్కువ. అలాంటివారైనా తమ డాక్టరును దీని గురించి అడగడం మంచిది.

చిన్నపిల్లలకు ఆటలమ్మ రాకుండానే ఆపే టీకా వేరే ఉంది. 1974లో జపాన్‌లో మిచియాకి తకహషి తయారుచేసిన బలహీనపరిచిన వైరస్ అది, అమెరికాలో 1995 నుంచి వేస్తున్నారు. ఆ బలహీన వైరస్ కూడా నాడీముడిలో చేరగలదు, కానీ అది సర్పిగా లేవడం అసలు వైరస్‌తో పోలిస్తే చాలా తక్కువ. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది లేదు, కొనుక్కోగలిగిన వాళ్లే ప్రైవేటులో వేయిస్తున్నారు. మిగతా ఇళ్లలో పిల్లలకు ఆటలమ్మ పోస్తూనే ఉంది, వేపకొమ్మలు గుమ్మానికి కడుతూనే ఉన్నారు. ఈ వేసవిలో పొక్కులతో మంచం పట్టిన ఆరేళ్ల పిల్లాడు పదిహేను రోజుల్లో లేచి వీధిలో ఆడుకుంటాడు. వాడి వెన్ను పక్క ముడుల్లో చేరిన వైరస్ అలాగే ఉంటుంది. వాడికి అరవై వచ్చేసరికి 2080 సమీపిస్తుంది.